హాజరు పట్టీలో తొమ్మిదో సంతకం

మా కాలేజీ సైబర్ భద్రత కోర్సుకు జాతీయ గుర్తింపు తెచ్చే పని నా మీద పడిన ఏడాది, నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. దరఖాస్తు పెట్టినంత మాత్రాన గుర్తింపు రాదు. ఏ పాఠం వల్ల విద్యార్థికి ఏ పని చేతనవుతుందో రాయాలి, ల్యాబ్‌లో అది చేయించిన రుజువు చూపాలి, చదివి వెళ్లినవాళ్లు ఏ ఉద్యోగాల్లో ఉన్నారో కనుక్కోవాలి. అన్నీ ఎలాగో కూడదీశాను. ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాను: చుట్టుపక్కల జనానికి ఏం నేర్పారు? మేం ఏమీ నేర్పలేదు.

అందుకని ఒక ఆదివారం మా వీధి చివరి కమ్యూనిటీ హాల్లో సదస్సు పెట్టాను. ఎనిమిది మంది వచ్చారు. ఫోన్ మోసాల గురించి చెబుతుండగా తొమ్మిదో మనిషి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. అరవై దాటిన ఆవిడ. ఒకప్పుడు సినిమాల్లో చిన్న పాత్రలకు డబ్బింగ్ చెప్పేదట. అందరూ వెళ్లాక హాజరు పట్టీలో సంతకం పెడుతూ అంది.

“మీరు చెప్పిన ఫోన్లు నాకు రోజూ వస్తాయండీ. దొంగలని తెలుసు.”

“మరి పెట్టేయరా?”

“ఎందుకండీ? ‘బాగున్నారా అమ్మా’ అని అడుగుతారు. కాసేపు మాట్లాడతారు. నాకింకెవరు చేస్తారు?”

నా ఫోన్‌కీ కాలేజీవాళ్లు తప్ప చేసేవాళ్లు లేరు. “ఈసారి వస్తే పెట్టేసి నాకు చేయండి” అని నంబరిచ్చాను.

రోజూ సాయంత్రం చేసేది. ఒకే సినిమాలో అత్తకీ కోడలికీ తనే గొంతిచ్చిందట. వాళ్లిద్దరూ పోట్లాడుకునే సీనులో తనతో తనే పోట్లాడి, చివరికి తనే ఏడ్చానని చెప్పి నవ్వేది. ఆ ఫోన్ కోసం నేనూ ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఇంతలో కాలేజీని పరిశీలించే నిపుణుల కమిటీ వచ్చే తేదీ ఖాయమైంది. సాయంత్రాలు కూడా కాలేజీలోనే ఫైళ్ల మధ్య గడిచేవి. ఆవిడ ఫోన్ మోగితే బోర్లా పెట్టేసి, ఈ పని అయ్యాక నేనే చేద్దాం అనుకునేదాన్ని. కొన్నాళ్లకు మోగడం ఆగిపోయింది. ఆగిపోయిందని కూడా నేను గమనించలేదు.

తనిఖీ రోజున కమిటీలోని పెద్దాయన సదస్సు ఫొటోలు తిరగేసి అడిగారు. “బాగానే ఉందమ్మా. దీనివల్ల ఎవరికైనా ఏమైనా మారిందా?”

ప్రిన్సిపాల్ నావైపు చూశారు. నేను ఆవిడ సంగతి చెప్పాను. “ఇప్పుడు దొంగ ఫోన్లు మానేసి నాతో మాట్లాడుతున్నారు” అన్నాను. ఆయన తలూపి కాగితం మీద రాసుకున్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఫోన్ చేస్తే స్విచాఫ్. ఎవడైనా మోసం చేశాడేమో అన్న భయంతో, హాజరు పట్టీలోని చిరునామా చూసుకుని వాళ్ల వీధికి పరుగెత్తాను. తలుపుకు తాళం. పక్కింటామె దండెం మీది బట్టలు తీస్తూ చెప్పింది.

“ఆమె ఖాళీ చేసి ఇరవై దినాలాయె. ఎర్రగడ్డ దిక్కు ఆమె చెల్లె ఉంటది, గాడికి పోయింది. ఏంది మేడం, మీకు చెప్పలేదా?”

చెప్పడానికే చేసి ఉంటుంది. ఆవిడ కొత్త నంబరు పక్కింటామె దగ్గర తీసుకుని, ఆ మెట్ల మీదే కూర్చుని చేశాను.

“మీరా అండీ!” వెనక పిల్లల గోల, కుక్కర్ కూత. “మా చెల్లెలి మనవలు ఊపిరి సలపనివ్వడం లేదు. దొంగ ఫోన్లు వచ్చినా ఎత్తే తీరికేదండీ! మీ పని అయిందా?”

“అయిందండీ. నేను ఫోన్ ఎత్తలేదు...”

“అయ్యో, దానికేముంది! ఉంటానండీ, చిన్నవాడు పడ్డాడు.”

ఆవిడ సంతోషంగా ఉంది. నాకూ సంతోషమే కలగాలి. కలిగింది కూడా. కానీ ఇక సాయంత్రాలు ఆ ఫోన్ రాదు.

కొన్ని నెలలకు గుర్తింపు వచ్చింది. గేటుకు బ్యానర్ కట్టారు, నాకు శాలువా కప్పారు. దాన్ని చేతిమీద వేసుకుని ఇంటికొస్తే ఇంటి ఓనరమ్మ గేటు దగ్గరే ఆపింది.

“ఏంది మేడం, సన్మానం జేసిన్రా?”

“గుర్తింపు వచ్చిందండీ.”

“మీకా, కాలేజీకా?”

“కాలేజీకి.”

“మంచిగైంది” అని ఆమె లోపలికి వెళ్లింది. నేను మేడ మెట్లెక్కి గది తాళం తీశాను.