మిరపచేలో మా నాన్న కోపం

నా చిన్నప్పుడు మిరప కోతలు మొదలయ్యాయంటే మా బడి సగం ఖాళీ అయ్యేది. చలి పోయి ఎండలు వచ్చినంత మామూలు సంగతి అన్నట్టు ఊళ్ళో అందరూ ఊరుకునేవారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ మాట రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

సత్తెనపల్లికి కొంచెం ఎడంగా ఉన్న పల్లె మాది. మా నాన్న అక్కడి మిషన్ బడికి పంతులు, ఆదివారం అదే పెంకుటింట్లో పాస్టరు. వారమంతా ఎక్కాలు చెప్పిన చోటే నిలబడి వాక్యం చెప్పేవారు. మధ్యాహ్నం సైకిలెక్కి ఇంకో రెండు పల్లెల్లో ఆరాధన జరిపి, పొద్దు గూకేలోపు ఇంటికి చేరేవారు. ఆయన లేకుండా మా ఇంట్లో కుటుంబ ప్రార్థన మొదలయ్యేది కాదు మరి. అమ్మకు ఉబ్బసం, పొగ పడేది కాదు. అందుకని పొయ్యి ఆయనే వెలిగించి, అన్నం వార్చి, మా అక్కచెల్లెళ్ళ ముగ్గురికీ జడలు వేసి, ఆ తర్వాతే వెళ్ళి బడిగంట కొట్టేవారు. ఆయన అల్లిన జడ సాయంత్రం దాకా వదులయ్యేది కాదు. ఆయన గొంతు పెంచగా మేమెవరం వినలేదు, ఆ రోజు దాకా.

నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునేది పక్కింటి అక్క. నాకంటే రెండేళ్ళు పెద్దది. నాకు భాగహారాలు నేర్పింది నాన్న కాదు, తనే. కోతలప్పుడు వారంలో నాలుగు రోజులు చేలోకి పోయి, ఒకటి రెండు రోజులు బడికి వచ్చేది. ఒక శుక్రవారం నా పలక తీసుకుని లెక్క చేసిచ్చింది. ఆ పలక పట్టుకున్న చేత్తోనే నేను కన్ను నలుపుకున్నాను. కంట్లో నిప్పు పోసినట్టయింది. గావుకేకలు పెట్టాను. నాన్న నీళ్ళు తెచ్చి కన్ను కడుగుతుంటే బడంతా వినేలా అన్నాను.

"దాని చేతులనిండా కారమే నాన్నా! దాన్ని నా పక్కన కూర్చోబెట్టొద్దు!"

అక్క లేచి, చేతులు రెండూ లంగా మడతల్లో దాచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తువ్వాలుతో నా మొహం ఒత్తి, పాఠం మొదలుపెట్టారు. నా మాటే నెగ్గిందనుకున్నాను.

మర్నాడు శనివారం. తెల్లవారుతూనే నన్ను లేపి, "పద, కోతకెళ్దాం" అన్నారు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పసిపిల్లని మిరపచేలోకి తీసుకుపోతారా? మీకేమైనా మతి పోయిందా?"

"పక్కింటిది కూడా పసిపిల్లే కదా" అన్నారు నాన్న. అమ్మ పక్కకి జరిగింది.

చేలో మమ్మల్ని చూసి కూలికొచ్చిన ఆడవాళ్ళు కంగారు పడ్డారు. "మీరెందుకండీ అయ్యగారూ, గట్టు మీద కూర్చోండి" అని బతిమాలారు. నాన్న పంచె ఎగ్గట్టి ఒక సాలు తను పట్టారు, పక్క సాలు నాకిచ్చారు. అక్క మాకు కాస్త అవతల వంగి కోస్తోంది. నా వంక చూడలేదు. కాసేపటికే నా వేళ్ళ సందుల్లో చురుకు మొదలైంది. పొద్దెక్కేసరికి గోళ్ళ కింద సెగ. చెమట తుడుచుకుంటే మొహం మండింది, నీళ్ళు తాగితే పెదాలు మండాయి. దొడ్డికి వెళ్ళాలన్నా భయమేసింది. ఏడుస్తూ నాన్న వైపు చూశాను. ఆయన చేతులూ ఎర్రగా ఉబ్బాయి. "కొయ్యమ్మా" అన్నారు, అంతే. ఆ పూట ఆయన మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు.

మధ్యాహ్నానికి చేను గల ఆసామి వచ్చాడు. నాన్నను చూసి పకపకా నవ్వాడు. "ఏంటి పంతులుగారూ, కోతలోకి దిగారు? దేవుడి పని చాలట్లేదా?"

నాన్న నడుం ఎత్తి, పిల్లల్ని కనీసం మధ్యాహ్నం దాకా అయినా బడికి వదలమని మెత్తగానే అడిగారు.

"భలేవారే! పిల్లల చేతులు చిన్నవండీ. కొమ్మ విరక్కుండా కోస్తారు. పెద్దోళ్ళవి మోటుచేతులు" అన్నాడు ఆసామి.

అప్పుడు అరిచారు మా నాన్న. "మీ కొమ్మల కోసం పుట్టాయా ఆ చేతులు? మీ అబ్బాయివి చిన్న చేతులు కావా? తీసుకురండి, ఈ సాల్లో నిలబెట్టండి చూద్దాం!" చేనంతా పని ఆగిపోయింది.

ఆసామి మొహం నల్లబడింది. "ప్రార్థన చేసుకునేవాడివి ప్రార్థన చేసుకో. రేపట్నుంచి మీ పల్లె వాళ్ళెవరూ నా చేలో అడుగుపెట్టక్కర్లేదు" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం సంఘపెద్దలు మా ఇంటికొచ్చారు. "మీరన్నది న్యాయమే అయ్యగారూ. కానీ మా నోటికాడ కూడు తియ్యమాకండి" అన్నారు. నాన్న తల వంచుకుని విన్నారు. వాళ్ళు అట్నుంచటే పోయి ఆసామి కాళ్ళావేళ్ళా పడి, సోమవారం నుంచి మళ్ళీ కోతకు రమ్మనిపించుకొచ్చారు.

వాళ్ళు వెళ్ళాక నాన్న నా చేతులకు వెన్న రాస్తూ అడిగారు, "మంటగా ఉందా?"

"ఊఁ."

"నీకు రేపటికి తగ్గిపోద్ది. అక్క ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి."

ఆ మాటకి నేను అంతకుముందెప్పుడూ ఏడవనంతగా ఏడ్చాను. అది చేతుల మంటకు కాదు.

సోమవారం కోడి కూసే వేళకే బడిగంట మోగింది. కోతకు పోయేలోపు రెండు గంటల చదువు. తల్లులు నిద్రమొహాల పిల్లల్ని తోలుకొచ్చారు. నేను పలక తీసుకుని వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. "దూరంగా జరగవే, మళ్ళీ కళ్ళు మండుతాయి" అంది తను. నేను జరగలేదు.

పదవీ విరమణ దాకా ప్రతి కోతల కాలంలోనూ నాన్న ఆ తెల్లవారుజాము బడి నడిపారు. అదేదో ఘనవిజయమన్నట్టు చెబుతారు కొందరు. నాకు మాత్రం అది అన్యాయమే. ఆడుకోవాల్సిన పిల్లలు నిద్ర అమ్ముకుని చదువు కొనుక్కున్నారు. అక్క పది పాసై సర్కారు ఆసుపత్రిలో నర్సయింది. పలక మీదే తల వాల్చి నిద్రపోయిన మిగతావాళ్ళు ఏమయ్యారో ఎవరూ అడగరు.

తొంభై దాటాక నాన్న పోయారు. మొన్న ఆయన జ్ఞాపకార్థ కూడికలో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది ఆ ఆసామి కొడుకే. "ఆయన శాంతమూర్తి. ఎవర్నీ పల్లెత్తు మాట అని ఎరగరు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళి మైకు తీసుకున్నాను. "తప్పు. మా నాన్న మీ నాన్న మీద అరిచారు" అని, ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలోంచి పక్కింటి అక్క మాత్రం లేచి నిలబడింది.

నేనూ టీచరుగానే చేసి రిటైరయ్యాను. కోపం ఎవరి మీద పడాలో నాకు నేర్పింది ఆ శనివారమే. నేను అక్క మీద పడ్డాను, ఆయన ఆసామిని అడిగారు. ఈ ఏడాది కూడా బడి చొక్కాలతోనే పిల్లలు చేలల్లో కనబడుతున్నారు. వాళ్ళ అమ్మానాన్నల్ని నేనేమీ అనను. ఆ పొలం ఎవరిదో కనుక్కుని నేరుగా వాళ్ళ దగ్గరికే పోతాను. ఈ వయసులో మీకెందుకండీ, మోకాళ్ళ నొప్పులతో, అంటారు ఇంట్లోవాళ్ళు. గట్టు మీద నిలబడి అరవడానికి మోకాళ్ళతో పనేముంది?