అరుగు మీద ఎంక్వయిరీ ఆఫీసు

నా బతుకులో నేను నడిపింది ఒక్కటే ఆఫీసు. బల్లా లేదు, కుర్చీ లేదు, మార్టూరులో మా ఇంటి అరుగే. నెల తిరక్కుండా నా పరువుతో సహా మూతపడింది. నవ్వుకుంటారని తెలిసే చెబుతున్నాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా ఆయన పోయి రెండేళ్ళు. ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ చెప్పేదే గానీ వినేది కాదు. బ్యాటరీలు అయిపోతాయని దాన్నీ వార్తల వరకే ఉంచేదాన్ని. అప్పుడు పక్కగదిలోకి ఒడిశా వాళ్ళు అద్దెకు దిగారు. మొగుడికి గ్రానైటు పాలిషింగులో పని. పెళ్ళాం సబిత, ఆరేళ్ళ కూతురు. ఒడిశా ఎంత దూరమని అడక్కండి. బస్సు బోర్డు చదవలేని మనిషికి మార్టూరే పరదేశం.

"మౌసీ, కిరసనాయిలు ఎక్కడ దొరుకుద్ది?" అని వచ్చింది. మౌసీ అంటే వాళ్ళ భాషలో పిన్ని. కొట్టు, వేళ, దారి, తూకంలో మోసం, అన్నీ గడగడా చెప్పేశాను. దణ్ణం పెట్టి వెళ్ళింది. ఇక రెండు రోజులు రాలేదు.

అప్పుడు తెలిసొచ్చింది నా పొరపాటు. ఉప్పూ పప్పూ పొదుపు చేసే దాన్ని, ఉన్న మాటంతా ఒక్కపూటలో ఒలకబోసుకున్నాను.

మూడోనాడు మళ్ళీ వచ్చింది. "పాపకి బడి?"

"ఉంది."

"ఎక్కడ?"

"మిగతాది రేపు చెబుతా. కూర్చో."

కూర్చుంది. వాళ్ళమ్మ గురించి ఏదో చెప్పింది. సగం అర్థం కాలేదు గానీ చెవులకు హాయిగా ఉంది.

మర్నాడు దారి చెప్పాను. వెళ్ళి, వెంటనే తిరిగొచ్చింది. "పిల్లేదీ అన్నారు, మౌసీ."

"తీసుకెళ్ళాలి మరి."

"ముందు చెప్పలేదే?"

"నువ్వడిగావా?"

ఆ మర్నాడు పిల్లతో వెళ్ళింది, పుట్టిన కాగితం లేదు. ఆ మర్నాడు కాగితంతో వెళ్ళింది, రెండో శనివారం, గేటుకి తాళం. ఎండలో తిరిగొచ్చిన పిల్ల మొహం పండుమిరపకాయలా కందిపోయింది. అది చూసి కూడా, బళ్ళో చేర్చుకోడానికి సోమవారమే ఆఖరి రోజన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఆదివారానికి ఒక మాట ఉండాలి కదా అని దాచాను.

ఆదివారం సబిత రాలేదు. సోమవారం చూస్తే గదికి తాళం. పిల్లకి ఒక ఏడు చదువు పోతే? మూడో తరగతితో ఆగిపోయిన దాన్ని, ఆ బాధ నాకు తెలీదా? చెప్పుల్లేకుండా బడికి పరుగెత్తాను. నా వయసుకి అది పరుగే అనుకోండి.

"ఆ పాపని పొద్దున్నే చేర్చుకున్నాం. మిరప తొడిమల షెడ్డు ఆడవాళ్ళు నలుగురు వెంటబెట్టుకొచ్చారు," అన్నారు హెడ్మాస్టరు గారు. "ఇంతకీ ఆవిణ్ణి సగం సగం చెప్పి తిప్పిన పెద్దమనిషి ఎవరో మీకు తెలుసాండీ?"

"తెలీదండీ."

సబిత ఆదివారమే మిరపకాయల తొడిమలు తీసే పనిలో చేరిందట. ముప్పైమంది ఆడవాళ్ళు, ఒక్క మధ్యాహ్నం. నేను ఆర్నెల్లు సరిపెట్టుకుందామనుకున్న సమాచారం అంతా అక్కడే దొరికిపోయింది. నా ఆఫీసుతో ఇక ఆవిడకేం పని?

సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుంది. నేను చేటలోంచి తలెత్తలేదు.

"మౌసీ, నీకు కళ్ళు మసక కదా. బియ్యంలో రాళ్ళు నాతోనే ఏరిస్తావు. కంటి డాక్టర్లు వస్తున్నారంట. ఆపరేషన్ ఊరికేనంట."

ఊరికే అన్న మాటకి తల దానంతటదే లేచింది. "ఎప్పుడే?"

"గురువారం."

"ఎక్కడ?"

సబిత చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచింది. "మిగతాది రేపు చెబుతా, మౌసీ."

మొహంలో నవ్వు లేదు. కళ్ళల్లో ఉంది, నా మసక చూపుకి కూడా కనబడింది.

ఆ అరుగు సాక్షిగా ఒట్టేసుకున్నాను, ఇక ఎవరేం అడిగినా తెలిసిందంతా ఒక్కసారే చెప్పేస్తానని. ఈ రోజుకీ తప్పలేదు. కాకపోతే మర్నాడు పొద్దున్నే పక్కింటావిడ ఆ డాక్టర్లు ఎక్కడికొస్తారో చెప్పబోతే మాత్రం, నోరు మూసుకోమన్నాను. సాయంత్రం సబిత రావాలి కదా.