మా బావ తిప్పిన దీపం

మా బావ చనిపోయాడు. కంచె మీద పెట్టిన గంజి గిన్నె పొద్దెక్కినా మూత తీయకుండా అలాగే ఉంటే, కాకి వచ్చి ఆ మూత మీద కూర్చుంటే, అప్పుడు నాకు తెలిసింది. లోపలికి వెళ్ళి చూశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. ఎవరినీ పిలవకుండా, ఎవరికీ పని పెట్టకుండా వెళ్ళిపోయాడు. బతికిందీ అలాగే.

మధ్యాహ్నానికల్లా ఊళ్ళో కుర్రవాళ్ళు ఆయన బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'మన ఊరికి తొలి వెలుగు' అని రాశారట. నాకు అక్షరం రాదు, మనవరాలు చదివి చెప్పింది. ఆ మాట వింటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అందుకే ఈ పిల్లని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. చదివేవాళ్ళు ఎవరైనా సరే, నా మాట పూర్తిగా విని, అప్పుడు వేయండి దండలు.

ఆయన నా పెనిమిటికి అన్న. బావ పేరు ఆడది పలకకూడదని మా ఇళ్ళలో కట్టడి. నేను ఇప్పటికీ పలకను. కాని పలకవలసిన ఊరు కూడా ఆ పేరు పలకలేదు. నా వాదమంతా అదే.

మాది ముత్తుకూరుకి తూర్పున, ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట ఉన్న పల్లె. ఆ కలిసే చోటుని మొగ అంటాం. మొగలో ఇసుకదిబ్బలు ఈ ఏడు ఉన్నచోట మరుసటి ఏడు ఉండవు. వానాకాలంలో వేటకి వెళ్ళిన పడవలు మునిమాపువేళ తిరిగి వస్తుంటే, దారి తెలియడానికి ఒడ్డున ఒక మనిషి లాంతరు పట్టుకుని నిలబడాలి. ఇంటికొక వంతు. నా పెళ్ళయిన మరుసటి ఏడు, కార్తీకంలో గాలివాన పట్టిన రోజు, వంతు మా ఇంటిది. పడవ మీద నా పెనిమిటి, ఒడ్డున మా బావ. గాలికి లాంతరు ఆరిపోయింది. పడవ దిబ్బకి కొట్టుకుని తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ వచ్చారు. నా పెనిమిటి రాలేదు. అప్పటికి నా కడుపులో బిడ్డ.

కర్మ అయినా కాకముందే పెద్దలు రచ్చలో కూర్చున్నారు. దీపం ఆర్పి తమ్ముణ్ణి పోగొట్టాడని తేల్చి, మా బావ మీద దురాయి వేశారు. దురాయి అంటే ఊరి ఆన. ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పు ఇవ్వకూడదు, వల లాగడానికి పిలవకూడదు. మళ్ళీ ఊరిపెద్దే తన చేత్తో నీళ్ళిచ్చి, పేరుపెట్టి పిలిచేదాకా అది అలా ఉంటుంది. ఆయన తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేదు. తమ్ముడు పోయినవాడికి నోరెక్కడిది? నన్ను ఎవరూ అడగలేదు. రచ్చలో ఆడదానికి మాట లేదు.

మా పెరటి కంచె అవతల విడిగా గుడిసె వేసుకున్నాడు. కుదిరిన పెళ్ళి సంబంధం తప్పిపోయింది. ఏట్లో ఒంటరిగా పీతలు పట్టుకుని, వాటిని పొరుగూళ్ళలో అమ్ముకునేవాడు. మా అత్త మాట్లాడకుండా రోజూ కంచె మీద కూటిగిన్నె పెట్టేది. పెట్టేది కన్నతల్లి కాబట్టి ఊరు చూసీ చూడనట్టు ఊరుకుంది.

అత్తకి జ్వరం వచ్చిన రోజు గిన్నె నేను పెట్టాను. నాకూ ఆయన మీద కోపమే, దాచుకోను. గిన్నె అందుకుంటుంటే ఆయన అరచేతులు చూశాను. రెండూ మాడి, తోలు ముడుచుకుపోయి ఉన్నాయి. లాంతరు గాజు పగిలిపోయాక, గాలి తగలకుండా మంటని చేతులతో మూసి పట్టుకుంటే అలా కాలుతాయి. నిప్పు తగిలితే ఎవరి చెయ్యయినా తనంతట తనే వెనక్కి వస్తుంది. రానివ్వకుండా పట్టుకుని నిలబడ్డ మనిషి దీపం ఆర్పాడంటారా? ఆర్పింది గాలి. ఈ మాట ఆనాడు రచ్చలో చెప్పవలసింది. అడిగినవాడు లేడు. ఇప్పుడు చెబుతున్నాను, రాసుకోండి.

ఆ రోజునుంచి నేను ఆయనతో మాట్లాడాను, ఆన తప్పకుండానే. మా పెరట్లో ఒక నల్లమేక ఉండేది. దాని ముందు నిలబడి, కంచె అవతలికి వినపడేలా చెప్పేదాన్ని.

"ఓసి మేకా, చేపల పులుసు పెట్టినా. చల్లారకముందే తినమని చెప్పు."

జవాబు కూడా మేకకే వచ్చేది. "మేకా, పులుసులో ఉప్పు జాస్తి అయిందని చెప్పు మీ అమ్మకి."

"జాస్తి అయితే సముద్రంలో పొయ్యమను. ఆడ తక్కువైందంట!"

అవతల నవ్వుని దగ్గులాగా మార్చుకున్న చప్పుడు. ఊరంతటిలో ఆయనకి మాటకి మాట దొరికింది ఆ మేక దగ్గరే.

మరుసటి ఏడు మలేరియా మందు కొట్టే ఆయన ఒకరు సైకిల్ మీద మా పల్లెకి వచ్చేవారు. మాపటేళ తిరిగి వెళుతుంటే సైకిల్ ముందు దీపం వెలిగేది. సముద్రపు గాలి ఆయన చొక్కాని ఎగరగొడుతున్నా ఆ దీపం మాత్రం వణకలేదు. మా బావ ఆయన వెంట పరిగెత్తాడు. బయటి మనిషికి దురాయి ఎక్కడిది?

"అయ్యా, దీనికి నూనె యాడ పోస్తారు?"

"నూనె లేదయ్యా. లోపల సూదంటురాయి తిరుగుతుంది, దాని చుట్టూ తీగ ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ వెలుగుతుంది."

"గాలికి ఆరదా?"

"గాలికి ఆరదు. ఆగితే ఆరుతుంది."

ఆ మాటని మా బావ చనిపోయేదాకా మోశాడు. ఏదైనా పని మధ్యలో వదిలేస్తే చాలు, కంచె అవతలినుంచి వినపడేది: "మేకా, గాలికి ఆరదు, ఆగితే ఆరుద్ది అని చెప్పు."

గూడూరు పాత ఇనుము అంగళ్ళలో పీతలిచ్చి, పాడైపోయిన మైకుల్లోని సూదంటురాళ్ళు తెచ్చాడు. కాలిన మోటారులోంచి విప్పిన రాగితీగ తెచ్చాడు. టైరు లేని సైకిల్ చక్రానికి చేతిపిడి బిగించాడు. చక్రం తిప్పితే, దానికి పట్టాలాగా వేసిన వలతాడు చిన్న ఇరుసుని గిరగిరా తిప్పుతుంది. ఆ ఇరుసు మీద సూదంటురాళ్ళు. వాటి చుట్టూ తాటిచెక్క చట్రం, చట్రానికి తీగ, తీగ కొసలకి టార్చి బల్బు. చూడటానికి పిచ్చివాడి రాట్నంలాగా ఉండేది.

పడవలో తాడు సర్దేటప్పుడు మావాళ్ళు ఒక చుట్టు కుడికి వేస్తే తరువాతి చుట్టు ఎడమకి వేస్తారు. లేకపోతే తాడు మెలిపడి, వల దిగేటప్పుడు కాలికి తగులుకుని మనిషిని లాక్కుపోతుంది. చిన్నప్పటినుంచీ చేతికి అలవాటైన పద్ధతి. మా బావ రాగితీగని కూడా అలాగే చుట్టాడు. కుడికొకటి, ఎడమకొకటి, ఒక్క మెలి లేకుండా, ఎంతో ముచ్చటగా.

ఒక మునిమాపువేళ దాన్ని ఒడ్డుకి తెచ్చి తిప్పాడు. మాట్లాడకూడదన్నారు గాని చూడకూడదనలేదు కదా, ఊరు ఊరంతా వచ్చి దూరంగా కూర్చుంది. చెయ్యి పడిపోయేదాకా తిప్పాడు. బల్బు వెలగలేదు. ఆయనతో కాదన్నట్టు, ఒకరితో ఒకరు గట్టిగా అనుకున్నారు.

"ఏందబ్బా ఇది, తిరగలిరాయా? పిండి పడతాదా?"

"ఉన్న దీపం ఆర్పినోడు లేని దీపం వెలిగిస్తాడంట, గమ్మున చూడండి!"

చేటతో ఇసుక ఎత్తి వాళ్ళ నోళ్ళలో కొట్టాలనిపించింది నాకు. ఆయన దాన్ని గోనెసంచిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట గిన్నె తీసుకోలేదు. "మేకా, ఆకలి లేదని చెప్పు" అన్నాడు, అంతే.

ఎండాకాలమంతా విప్పడం, చుట్టడం. ఇంకా జాగ్రత్తగా చుడితే వెలుగుతుందనుకునేవాడు. జాగ్రత్తగా చుట్టడమంటే మళ్ళీ కుడికొకటి, ఎడమకొకటి.

ఒక పొద్దున నేను తట్ట తీసుకుని చేపలకి వెళితే, ఇద్దరు మొగాళ్ళు పంతానికి పోయి పడవని చెరొక వైపు లాగుతున్నారు. నాకు తిక్క రేగింది.

"ఏరా, ఒకడు ఇటు, ఒకడు అటు లాగితే పడవ యాడికి పోద్దిరా? వీడి బలం వాడు తింటాడు, వాడి బలం వీడు తింటాడు!"

"చేపలకొచ్చినదానివి, నీకెందుకక్కా పడవ సంగతి?"

"పడవ ఒడ్డెక్కితే గదరా చేపలు దిగేది, సచ్చినోళ్ళారా!"

అందరూ నవ్వారు. దూరంగా పీతల బుట్ట అల్లుకుంటున్న మా బావ మాత్రం నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. బుట్ట అక్కడే వదిలేసి గుడిసెకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. నేను ఇల్లు చేరేసరికి రాగితీగంతా విప్పి పెరడు పొడుగునా పరిచి ఉంది.

"మేకా, మీ అమ్మ వాళ్ళని తిట్టలా. నా తీగని తిట్టింది. కుడిచుట్టు తెచ్చిన బలాన్ని ఎడమచుట్టు తింటాంది."

తీగంతా ఒకే వైపుకి చుట్టడం మొదలుపెట్టాడు. కాని చెయ్యి వింటేనా! నాలుగు చుట్లు వేసేసరికి దానంతటదే ఎడమకి తిరిగేది. "చెయ్యి మాట ఇనడంలేదు మేకా, మీ అమ్మని వచ్చి కొట్టమను" అనేవాడు. మెలిపడి తీగ తెగిపోయేది, అతికేవాడు. చివరికి వెలిగింది. పగటిపూట, గుడిసెలో తడిక మూసుకుని తిప్పితే, తడిక సందుల్లోంచి చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఏటి వానాకాలం నుంచి తాటిదుంగ మీద బల్బు పెట్టి, వెనకాల డబ్బారేకు బిగించి, ఆఖరి పడవ ఒడ్డెక్కేదాకా తిప్పేవాడు. పడవలు ఆ వెలుగు చూసుకునే మొగ దాటేవి. దిగిన మొగాళ్ళు ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళేవారు. వాళ్ళ బట్టల తడి ఆయన మీద పడేది, మాట పడేది కాదు. లాంతరు వంతులు కూడా మానేశారు, ఒకడు దొరికాడు కదా. దీపం కావాలి, మనిషి వద్దు. ఇది మా ఊరు చేసిన పని. దీన్ని ఫ్లెక్సీ మీద రాయండి.

కొన్నేళ్ళకి ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. చక్రం ఆగిపోయింది. దురాయి వేసిన పెద్దలు ఒకరి వెనక ఒకరు పోయారు. కొత్తతరం వాళ్ళు "ఏం తాతా" అని పలకరించడం మొదలుపెట్టారు. వాళ్ళు మర్చిపోయారు. మర్చిపోవడం వేరు, ఎత్తేయడం వేరు. ఆయన మర్చిపోలేదు. రచ్చ ఎదురైతే ఇసుకలో చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఒక పెళ్ళికి వెళ్ళలేదు, ఒక చావుకి వెళ్ళలేదు. నల్లమేక పోయింది, దాని పిల్లలు పోయాయి, వాటి పిల్లలు పెరిగాయి. అత్త పోయాక ఒకసారి నేనే తెగించాను.

"ఇంకెవురుండారు బావా మనల్ని అడిగేదానికి? నేరుగా మాట్లాడు."

ఆయన నా వైపు చూడలేదు. మేక వైపు చూశాడు. "ఎత్తేసినారా అని అడుగు, మేకా" అన్నాడు.

కర్మ రోజున ఊరిపెద్ద పెద్ద దండ పట్టుకుని వచ్చాడు. మంచివాడే, నా కళ్ళముందు పెరిగినవాడు.

"ఆ దండ పక్కన పెట్టు నాయనా. ముందు దురాయి ఎత్తు" అన్నాను.

"ఎప్పటి మాటవ్వా అది! ఏసినోళ్ళే లేరు గదా."

"ఏసినోళ్ళు పోయినారు, ఏసింది పోలా. మీ తాత ఆ దీపం చూసుకునే ఒడ్డెక్కినాడు. ఎక్కి, మాట లేకుండా పక్కనే నడిచిపోయినాడు. నువ్వు ఆయన మనవడివి కాదని చెప్పు, నేను గమ్మునుంటా."

"పోయినోడికి ఎట్టా ఎత్తేదవ్వా?"

"ఉన్నప్పుడు ఎత్తలేదు గనక, పోయినాకన్నా ఎత్తాల."

అతను దండ పక్కన పెట్టి, చెంబు అడిగి తీసుకున్నాడు. నీళ్ళు ముంచి, నేను రోజూ గిన్నె పెట్టే చోటే, కంచె మీద పెట్టాడు. గుడిసె వైపు తిరిగి మా బావని పేరుపెట్టి గట్టిగా పిలిచాడు. ఊరిపెద్ద నోట ఆ పేరు విని ఎంతకాలమైందో. పలకడానికి మనిషి లేడు. పెరట్లో మేకపిల్ల ఒకటి తలెత్తి చూసింది.

ఇక నా కళ్ళ ముందునుంచి పోనిది ఒకటి ఉంది. దీపం వెలిగిన తొలి వానాకాలం, ఒక మాపటేళ, "మేకా, ఇది మొగదాకా కనపడుద్దో లేదో. ఎవురన్నా నడిచి చూస్తే బాగుణ్ణు" అన్నాడు. బిడ్డని అత్తకిచ్చి నేను నడిచాను. చినుకులు, గాలి. వెనక్కి తిరిగినప్పుడల్లా ఆ వెలుగు చిన్నదయింది. బియ్యపుగింజంత, ఆవగింజంత. ఆరలేదు. నా పెనిమిటి పడవ తిరగబడ్డ చోటికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. అక్కడికీ కనపడుతోంది. ఆ మాట ఆయనకి చెప్పాలి. అరిచి చెబుదామంటే గాలి ఎదురు, ఊరి ఆన ఎదురు, మేకేమో ఇంటి దగ్గర. చీకట్లో నేను ఆయనకి కనపడను. ఉన్నానో, నీళ్ళలో పడ్డానో, ఇంకో దారిన ఇంటికి వెళ్ళిపోయానో ఆయనకి తెలియదు. ఆవగింజంత వెలుగు ఒక్కసారి సన్నబడింది. చెయ్యి మార్చుకున్నాడు. మళ్ళీ నిలబడింది. చూసేవాళ్ళు ఉన్నారో లేదో తెలియకుండానే తిప్పుతూ ఉన్నాడు.