శుభ్రంగా తినే కుక్క

గొర్రెల పెంపకమే బతుకైన బర్రా ఊళ్లో పశువుల డాక్టరు దగ్గర పంతొమ్మిదేళ్లుగా కుక్కలకు సూది గుచ్చి రక్తం తీసేది మేవిస్ ట్రెలోర్. ఆవిడ చెయ్యి ఎంత తేలికంటే, కరిచే కుక్క కూడా పని అయిపోయాకే గుర్రుమనేది.

కుక్కల్లో క్యాన్సర్‌ను ముందే పసిగట్టే కొత్త రక్తపరీక్ష వచ్చినప్పుడు ఆవిడ ఎగిరి గంతేసింది. ఊరు మాత్రం నవ్వింది. గొర్రెలవాళ్ల లెక్క ఒక్కటే: తిండి తింటే కుక్క బాగున్నట్టు. తింటూ పని ఎగ్గొడితే బద్ధకం. బద్ధకానికి మందు తుపాకీ. ఆ లెక్కనే నమ్మి మేవిస్ తన కుక్క బెల్‌ను క్యాన్సర్‌కు పోగొట్టుకుంది. చచ్చే ముందు రోజు కూడా అది పళ్లెం నాకింది. తలచుకుంటే ఆవిడకు ఇప్పటికీ తన మీద తనకే మండుతుంది.

ఆ ఏడు ఆవిడ అన్న క్లెమ్ కుక్క టిగ్, కదలకుండా మొరాయించే గొర్రెల వీపులెక్కి మందను తోలడం మానేసింది.

"ఉన్ని కత్తిరింపులు అయిపోనీ, దీని సంగతి చూస్తా" అన్నాడు క్లెమ్.

"ముందు రక్తం తియ్యనీ అన్నా."

"శుభ్రంగా మాంసం మెక్కుతోంది. దానికేం రోగమే? ఒళ్లు బద్ధకం, అంతే!"

"మా బెల్ కూడా మెక్కింది. నీ బుర్రలో కూడా ఉన్నేనా? రక్తంలో ఏమీ లేకపోతే తుపాకీ నేనే తెచ్చిస్తా!"

క్లెమ్ మూతి ముడుచుకున్నాడు గానీ, కుక్కను కదలకుండా పట్టుకున్నాడు.

వారానికి ఫలితం వచ్చింది. క్యాన్సర్ ఉందని అనుమానించాల్సిందే అని ఉంది. ఎక్కడన్నది స్కాన్ చెప్పింది: ప్లీహం మీద నారింజకాయంత గడ్డ. అది పగలకముందే, పాకకముందే డాక్టరు కోసి తీసేశాడు. ఇంకో నెల ఆగితే దక్కేది కాదన్నాడు. క్లెమ్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

మరుసటి ఏడు టిగ్‌కు తీసిన రక్తంలో ఏమీ కనిపించలేదు. కత్తిరింపుల రోజున షెడ్డు ముందు గొర్రెలు మొరాయించాయి. సగం ఊరు చూస్తుండగా టిగ్ ఒక్క దూకులో వీపులెక్కి, మంద మీదుగా పరిగెత్తి ముందుకెళ్లి మొరిగింది. మంద కదిలింది. క్లెమ్ ఈల వెయ్యబోతే గాలే వచ్చింది. మేవిస్ కంచె ఎక్కి కేకలేసింది. తన బెల్ బతికొచ్చినంత సంబరపడింది.

సోమవారం పొద్దున్న ఆవిడ ఆస్పత్రి తలుపు తీసేసరికి పద్నాలుగు కుక్కలు, వాటి యజమానులు. అందరికన్నా ముందు క్లెమ్, తన మిగతా రెండు కుక్కలతో.

"వీటికేమైంది?" అంది మేవిస్, నవ్వాపుకుంటూ.

"ఏం కాలేదే. శుభ్రంగా తింటున్నాయి" అన్నాడు క్లెమ్, నేల చూపులు చూస్తూ. "అందుకే తెచ్చాను."