ఆదివారం గొంతు

ఢిల్లీలో ఎఫ్ఎం రేడియో జాకీగా పనిచేసే రోజుల్లో నా ఆదివారం షోను శనివారమే రికార్డు చేసేవాళ్లం. వినేవాళ్లకు మాత్రం అప్పుడే మాట్లాడుతున్నట్టు ఉండాలి. ఒక ఆదివారం ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో నేను పెసరట్టు తింటుంటే, వంటింటి గట్టు మీది రేడియోలో నా గొంతు హిందీలో వాగుతోంది: "సుబహ్ సే కుఛ్ నహీ ఖాయా, దోస్తో."

అమ్మ ఇంకో అట్టు తెచ్చి నా పళ్లెంలో వేసింది.

"తింటూనే ఉన్నాగా," అని విసుక్కున్నాను.

"పొద్దుటినుంచీ ఏమీ తినలేదంటున్నావుగా."

"అది నిన్నటి మాటమ్మా. నిన్న రికార్డు చేశాం."

"నిన్న మాత్రం ఎందుకు తినలేదు?"

నిన్న నిజంగానే తినలేదో, మైకు ముందు ఊరికే అన్నానో నాకే గుర్తు రాలేదు. రేడియోలో మాత్రం నేను పకపకా నవ్వుతున్నాను.