ఫెర్మిన్ మామ కాదనని రోజు

ఫెర్మిన్ నోట ‘అవును’ అనే మాట విన్నవాళ్లు ఆ చెరుకుమిల్లు ఊళ్లో ఒక్కరూ లేరు. ‘ఎండగా ఉంది కదా’ అంటే ‘కాదు, నీడ తక్కువైంది’ అనేవాడు. ఒక ఏడు తుఫాను వస్తోందని రేడియో మొత్తుకుంటుంటే రేవుగట్టు మీద నిలబడి ‘రాదు’ అన్నాడు. సగం దూరం వచ్చిన తుఫాను సిగ్గుపడి వెనక్కి తిరిగింది. చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అడిగితే ప్రమాణం చేస్తారు.

పెళ్లిలోనూ అంతే. ‘కసీల్దాను భార్యగా స్వీకరిస్తావా?’ అని ఫాదరు అడిగితే ‘లేదు’ అన్నాడు. రెండోసారీ ‘లేదు’. పెళ్లికూతురి తండ్రి చెరుకు నరికే కత్తి కోసం ఇంటికి మనిషిని పంపాడు. మూడోసారి ఫాదరు తెలివిగా ‘వద్దంటావా?’ అని తిప్పి అడిగాడు. ‘అననే అనను’ అన్నాడు ఫెర్మిన్. పెళ్లయిపోయింది.

అప్పటినుంచి ఊరంతా ఆ కిటుకు పట్టేసింది. ‘పెద్దాయనా, దయచేసి జరగొద్దు’ అంటే గానీ బస్సులో కండక్టరుకి సీటు దొరికేది కాదు. చెల్లెలు నెరేయిదా అయితే ఆ విద్యలో ఆరితేరిపోయింది. ‘అన్నయ్యా, కాఫీ తాగకు’ అనడం ఆలస్యం, కప్పు ఖాళీ.

ఆ విద్యతో ఆమెకి అసలైన పని పడింది. కొడుకు రుబెల్‌కి పదమూడేళ్లు. ‘చెరుకు ఎద్దులు’ అనే బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్. బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఆ దేశంలో మగపిల్లాడు పుడితే మంత్రసాని ‘షార్ట్‌స్టాప్ పుట్టాడు’ అనే చెబుతుంది. మైదానం నడుమ గాల్లోకి ఎగిరి బంతి పట్టేవాడి మీదే అందరి కళ్లూ ఉంటాయి. అలాంటివాణ్ని కోచ్ బోలో ఆ ఏడు ముసుగు తొడిగి, బ్యాటు పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చోబెట్టాడు. క్యాచర్!

“ముసుగేసుకున్నవాడి మొహం ఎవరు చూస్తారు? పాతికేళ్లకే మోకాళ్లు అరిగిపోవూ?” అని నెరేయిదా బాధ. పిల్లాడు వారం నుంచి అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. అది కూడా ఆ దిగులేననుకుంది. ఇంతలో ‘రేవు సొరచేపలు’ జట్టువాళ్లు కబురు పెట్టారు: మా దగ్గరికి రండి, షార్ట్‌స్టాప్ ఇస్తాం. జట్టు మారే కాగితం శనివారంలోగా ఇవ్వాలి. దాని మీద సంతకం మాత్రం ఫెర్మిన్ పెట్టాలి. పిల్లాణ్ని చేర్పించిన రోజు నెరేయిదా బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉండడంతో సంరక్షకుడిగా మామ పేరే రాశారు మరి.

శుక్రవారం సాయంత్రం ఆమె కొడుకుని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఫెర్మిన్ వసారాలో ఒక్కడే డొమినో ఆడుకుంటున్నాడు. తనతో తనే తగాదా పడుతున్నాడు కూడా.

“అన్నయ్యా, బాగా ఆలోచించాను. వీణ్ని ఎద్దుల్లోనే ఉంచేస్తాను.”

“వీల్లేదు! ఉంచడానికి వీల్లేదు!”

నెరేయిదా నవ్వు దాచుకుని పెన్ను అందించింది. సరిగ్గా అప్పుడే బోలో మెట్లెక్కి వచ్చాడు. అతనూ ఆ ఊరివాడే.

“ఫెర్మిన్, కుర్రాణ్ని పంపించెయ్. మాకు అక్కర్లేదు.”

“పంపడానికి వీల్లేదు!”

పెన్ను ఆగింది.

“ఉంచేస్తాలే అన్నయ్యా!”

“కుదరదు!”

“పంపించెయ్ అంటుంటే!”

“కుదరదంటే కుదరదు!”

పెన్ను కాగితం మీదికి దిగడం, లేవడం. నెరేయిదా, బోలో ఒకరినొకరు మింగేసేలా చూసుకున్నారు.

“ఇక ఆపండి” అన్నాడు ఫెర్మిన్. “ముప్పై ఏళ్లుగా ఊరంతా నాకు తిరగేసి చెబుతోంది. నాకు తెలీదనుకున్నారా? కాఫీ తాగకు అన్నప్పుడల్లా నువ్వు చక్కెర తగ్గిస్తున్నావు, అదీ తెలుసు.” మెట్టు మీద కూర్చున్న రుబెల్ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పరా. తిన్నగా చెప్పు.”

పిల్లాడు తల్లి వైపు చూశాడు.

“అటు కాదు, ఇటు చూసి చెప్పు.”

“ముసుగే బాగుంది మామా. అక్కడ కూర్చుంటే జట్టులో అందరి మొహాలూ నాకే కనిపిస్తాయి. ఎవడు భయపడుతున్నాడో తెలుస్తుంది. వెళ్లి వాడికో మాట చెప్పి వస్తా.”

ఫెర్మిన్ నోరు తెరిచాడు. అందరూ ‘కాదు’ కోసం ఎదురుచూశారు.

“మోకాళ్లు నొప్పెడతాయిరా.”

“తెలుసు మామా.”

“షార్ట్‌స్టాప్‌కి కొట్టినన్ని చప్పట్లు కొట్టరు.”

“తెలుసు.”

“మీ అమ్మ బాధపడుతుంది.”

ఈసారి కాస్త ఆలస్యమైంది. “తెలుసు.”

“అయితే నా దగ్గర కాదనడానికి ఏమీ లేదు.”

బోలో గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.  నెరేయిదా అన్న చేతిలోంచి కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టింది.

“మోకాళ్లకి మెత్తలు నేనే కుడతా. కొట్లో దొరికేవి ఎందుకూ పనికిరావు” అంది కొడుకుతో. ఆ రాత్రి రుబెల్ మెదిపిన అరటికాయ మూడుసార్లు వడ్డించుకున్నాడు.

గిన్నెలు కడుగుతూ నెరేయిదా అంది, “వదినా, అన్నయ్య ఒకరి మాట కాదనకపోవడం ఇదే మొదటిసారి.”

“రెండోసారి” అంది కసీల్దా. “పెళ్లిలో రెండుసార్లు లేదన్నాక నా చెవిలో ఏమన్నాడో తెలుసా? ‘మీ నాన్న కుదిర్చాడు, ఫాదరు నన్ను అడుగుతున్నాడు, నిన్నెవరూ అడగలేదు. ఇష్టం లేకపోతే చెప్పు, చీకటిపడేదాకా ఇలాగే లేదంటాను, తిట్లన్నీ నాకే వస్తాయి’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఇష్టమే, తొందరగా కానివ్వు, కత్తి వచ్చేస్తోంది అన్నాను.”

నెరేయిదా తడిచేతులతోనే నవ్వింది. “ఎంత మంచివాడు వదినా మా అన్నయ్య!”

“కాదు!” వసారాలోంచి కేక వినిపించింది.