బందారాకు కట్టు

అమెరికాలో, సన్నీవేల్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ చుట్టూ ఒక పొదల కంచె ఉండేది. జిగురు ఆకులు, ఎర్రటి పల్చటి కాయలు. రెండేళ్లుగా దాని పక్కనే కారెక్కి దిగుతున్నా ఎన్నడూ దాని ముఖం చూసిన పాపాన పోలేదు. ఆ ఆదివారం నా ముఖమే వెళ్లి దానికి గుద్దుకుంది.

గొడవ ఉద్యోగం గురించి. నాకు వర్క్ పర్మిట్ వచ్చింది, ఆఫర్ కూడా వచ్చింది. "నా జీతం చాలట్లేదా నీకు?" అని మా ఆయన నా ఫోన్ గోడకేసి కొట్టాడు. నేను ఊరుకునే రకమా? అతని లాప్‌టాప్ నేలకేసి కొట్టాను. అతను నా జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చి, కుడి మణికట్టు తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పి బయటికి తోశాడు. పొదలో పడ్డాను. పెదవి చిట్లి, నోట్లోకి నెత్తురుతో పాటు ఆకులూ వచ్చాయి. ఆ చేదు నాకు తెలుసు.

మదనపల్లె దగ్గర మా ఊళ్లో అవ్వ బెణుకులకు కట్టే బందారాకు అది. కట్టేముందు ఎవరినైనా ఒకటే అడిగేది: "పడినావా, ఎవురన్నా తిప్పినారా? అబద్దం చెప్తే కట్టు తప్పుతాది."

పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఆస్ట్రేలియా మూలవాసుల బిడ్డ, పెద్దావిడ. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, అవే ఆకులు దూసి వేడినీళ్లలో ముంచి తెచ్చింది. "మా అమ్మమ్మ పంటినొప్పికి ఇవే నమిలించేది, దెబ్బలకు ఇవే కట్టేది. కట్టాక హాస్పిటల్‌కి పోదాం" అంది ఇంగ్లీషులో. మా అవ్వ కూడా అంతేనని చెప్పి నవ్వబోతే పెదవి మళ్లీ చిట్లింది.

అంతలో మా ఆయన గుమ్మంలోకొచ్చాడు. గొంతులో తేనె. "కింద పడ్డానని చెప్పు, ప్లీజ్. పోలీస్ కేస్ అయితే నా వీసా పోతుంది. నాది పోతే నీదీ పోతుంది, తెలుసుగా?"

తెలుసు. ఉద్యోగం, ఇల్లు, ఈ దేశం అన్నీ పోతాయేమోనని నిజంగానే భయపడ్డాను.

ఆవిడకి తెలుగు రాదు. గుడ్డ చుట్టబోతూ ఆగి, నా కళ్లలోకి చూసి, అచ్చం అవ్వ మాటే ఇంగ్లీషులో అడిగింది: పడ్డావా, ఎవరైనా తిప్పారా?

"షి ఫెల్" అన్నాడతను.

"తిప్పినాడవ్వా" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదని మళ్లీ ఇంగ్లీషులో, పార్కింగంతా వినబడేలా అరిచాను.

ఆవిడ ముడి బిగించి, తన ఫోన్ నా ఒళ్లో పెట్టింది. పోలీసుల నంబరు ఎడమ చేత్తో నేనే నొక్కాను.